ఇంక్‌స్కేప్‌లో ఆకారాలు కలపడం, విడదీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి గీతలతో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ 1.3, ఆ తర్వాతి వెర్షన్లు వాడేవాళ్ల కోసం. అలాంటి సాఫ్ట్‌వేర్లే అయిన కోరల్‌డ్రాలో, ఇలస్ట్రేటర్‌లో పద్ధతి వేరుగా ఉన్నచోట అక్కడికక్కడే చెప్పాం. మెనూ పేర్లు స్క్రీన్ మీద కనిపించేవే, తెలుగు లిపిలో రాశాం. ఉదాహరణలు ఎక్కువగా తెలుగు అక్షరాలవి. రేడియం స్టిక్కర్ కోసినా, లేజర్‌తో బోర్డు చేసినా, స్టెన్సిల్ గీసినా చేతికి అడ్డం పడేది అక్కడే.

గ్రూప్, కంబైన్, యూనియన్ మూడూ కలపడమే కదా? తేడా ఏమిటి?

సగం తలనొప్పులు ఈ మూడింటినీ ఒకటనుకోవడం వల్లే వస్తాయి. 40 మి.మీ. వృత్తాలు రెండు గీసి, ఒకదాని మీదికి ఇంకోటి 10 మి.మీ. జరిపి, ఒకదానికి ఎరుపు, ఇంకోదానికి పసుపు ఇచ్చి చూడండి.

గ్రూప్ (కంట్రోల్ + జి) చేస్తే రెండూ ఒక మూటలో చేరతాయి, అంతే. రంగులు వేటివి వాటికే ఉంటాయి. అన్‌గ్రూప్ (కంట్రోల్ + షిఫ్ట్ + జి) చేస్తే మూట విప్పినట్టు దేనికది బయటికొస్తుంది.

కంబైన్ (కంట్రోల్ + కె) చేస్తే రెండు వృత్తాల గీతలూ ఒకే పాత్ (ఒకే ఆబ్జెక్ట్‌గా లెక్కకొచ్చే గీతల ఆకారం) లోపలి భాగాలవుతాయి. గీతలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉంటాయి, ఒకదాన్నొకటి దాటుకుంటూనే ఉంటాయి. రంగు ఒకటే మిగులుతుంది. రెండూ ఒకదానిమీదొకటి పడిన చోట రంగు నిండవచ్చు, ఖాళీగా తెల్లగానూ కనిపించవచ్చు. అది ఫిల్ రూల్ మీద ఆధారపడుతుంది, కింద వివరంగా ఉంది.

యూనియన్ (కంట్రోల్ + ప్లస్) చేస్తే లోపల దాటుకున్న గీతలు పోయి బయటి అంచు ఒక్కటే మిగులుతుంది. ఇక్కడ ఆకారాన్ని సాఫ్ట్‌వేర్ కొత్తగా లెక్కకట్టి గీస్తుంది. అందుకే దీన్ని వెనక్కి తిప్పే ఆదేశం లేదు, కంట్రోల్ + జడ్ ఒక్కటే దిక్కు. ఫైల్ మూసి మళ్లీ తెరిచారంటే అదీ ఉండదు.

ప్లాటర్‌కు (స్టిక్కర్ షీట్‌ను కత్తితో కోసే యంత్రం), లేజర్‌కు వెళ్లే ఫైల్‌లో కావాల్సింది దాదాపు ఎప్పుడూ యూనియనే. కంబైన్ చేసిన బొమ్మ స్క్రీన్ మీద ముద్దుగానే కనిపిస్తుంది గానీ కత్తి రంగును చూడదు, గీతనే చూస్తుంది.

ఏ పనికి ఏ ఆదేశం?

అన్నీ పాత్ మెనూలోనే ఉన్నాయి. యూనియన్ అంటే అన్నీ కలిపి ఒకటి. డిఫరెన్స్ (కంట్రోల్ + మైనస్) కింది ఆకారంలోంచి పైదాన్ని తీసేస్తుంది. ఇంటర్‌సెక్షన్ (కంట్రోల్ + నక్షత్రం గుర్తు) అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న జాగాను మాత్రమే ఉంచుతుంది. ఎక్స్‌క్లూజన్ ఆ ఉమ్మడి జాగాను తీసేసి మిగతాది ఉంచుతుంది. డివిజన్ (కంట్రోల్ + స్లాష్) కింది ఆకారాన్ని పైదాని గీత వెంట ముక్కలు చేస్తుంది. కట్ పాత్ (కంట్రోల్ + ఆల్ట్ + స్లాష్) గీతను మాత్రమే తెంచుతుంది.

తీసేసే ఆదేశాలకు, కోసే ఆదేశాలకు ఒకటే గుర్తు: పైది కత్తి, కిందిది కాయ. నెలవంక కావాలంటే 50 మి.మీ. వృత్తాన్ని కంట్రోల్ + డి తో నకలు చేసి, నకలును 12 మి.మీ. కుడికి జరిపి, రెండూ సెలెక్ట్ చేసి డిఫరెన్స్ నొక్కండి. ఎడమవైపు వంక మిగులుతుంది.

డిఫరెన్స్ నొక్కితే బొమ్మంతా మాయమైంది. ఎందుకు?

పెద్ద ఆకారం పైన, చిన్నది కింద ఉండి ఉంటుంది. చిన్నదాన్ని పెద్దది పూర్తిగా కప్పేస్తే తీసేశాక మిగిలేది సున్నా. కంట్రోల్ + జడ్ కొట్టి, చిన్నదాన్ని సెలెక్ట్ చేసి హోమ్ కీతో అన్నింటికన్నా పైకి తెచ్చి మళ్లీ చేయండి. ఒక్క మెట్టు చాలనుకుంటే పేజ్ అప్, పేజ్ డౌన్. ఇంక్‌స్కేప్‌లో ఏది ముందు క్లిక్ చేశారన్నది లెక్కలోకి రాదు, ఏది పైన ఉందన్నదే లెక్క. కోరల్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే తడబడతారు.

ఎక్కువ ఆకారాలతో ఒకేసారి డిఫరెన్స్ చేయకండి. తీసేయాల్సినవన్నీ ముందు యూనియన్ చేసి ఒక్కటిగా చేసుకుని, తర్వాత రెండే రెండు సెలెక్ట్ చేస్తే అనుమానం ఉండదు.

ఒక ఆబ్జెక్ట్ పాత్ కాదని కింద మెసేజ్ వస్తోంది.

సెలెక్ట్ చేసిన వాటిలో ఫోటోనో గ్రూపో క్లోనో (అసలుతో ముడిపడి ఉండే నకలు) ఉంది. కింది స్టేటస్ బార్‌లో ఏ రకం ఆబ్జెక్ట్ అన్నది రాసే ఉంటుంది, చూడండి. గ్రూప్ అయితే విప్పండి. గ్రూప్‌లో గ్రూప్ ఉండటం మామూలే కాబట్టి స్టేటస్ బార్‌లో గ్రూప్ అన్న మాట కనిపించనంతవరకు కంట్రోల్ + షిఫ్ట్ + జి కొడుతూ ఉండండి. క్లోన్ అయితే షిఫ్ట్ + ఆల్ట్ + డి తో అసలు నుంచి విడదీయండి. జేపీజీ, పీఎన్‌జీ బొమ్మలకు ఈ ఆదేశాలు పనిచేయవు. వాటిని ఒక ఆకారం లోపలికి సర్దాలంటే ఆబ్జెక్ట్ మెనూలో క్లిప్ వాడండి. నిజంగా గీతలే కావాలంటే ట్రేస్ బిట్‌మ్యాప్ (షిఫ్ట్ + ఆల్ట్ + బి) చేసుకుని రండి.

చతురస్రం, వృత్తం, నక్షత్రం, టెక్స్ట్‌లను ముందుగా పాత్ చేయక్కర్లేదు, ఆదేశం ఇచ్చినప్పుడు అవే మారతాయి. అయినా టెక్స్ట్‌ను చేత్తో మార్చుకోవడమే నయం. కారణం తర్వాతి ప్రశ్నలో ఉంది.

తెలుగు పేరు స్టిక్కర్ కోయిస్తే అక్షరాల మధ్యలో అడ్డగీతలు పడ్డాయి. స్క్రీన్ మీద బాగానే ఉంది కదా?

తెలుగు ఫాంట్‌లో ఒక అక్షరం తరచూ ఒక్క ముక్కగా ఉండదు. అక్షరం ఒంటి మీదికి తలకట్టు ఎక్కి కూర్చుంటుంది, కొమ్ము పక్కనుంచి వచ్చి తగులుతుంది, ఒత్తు కిందనుంచి ఆనుకుంటుంది. స్క్రీన్ మీద అన్నీ ఒకే నలుపు గనక అతుకు కనిపించదు. ప్లాటర్‌కు మాత్రం తలకట్టు చుట్టూ ఒక గీత, ఒంటి చుట్టూ ఒక గీత వెళతాయి. రెండూ దాటుకున్న చోట వినైల్ తెగుతుంది. అదనపు షీట్ పీకేటప్పుడు తలకట్టు కూడా దాంతోపాటే లేచి వచ్చేస్తుంది.

అనూ లాంటి పాత యూనికోడేతర ఫాంట్లలో ఇది ఇంకా ఎక్కువ. అక్కడ గుణింతపు గుర్తు, ఒత్తు వేరువేరు బొమ్మలుగా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉంటాయి. యూనికోడ్ ఫాంట్లలో చాలా గుణింతాలు ముందే కలిపి గీసి ఉన్నా, ఒకే అక్షరం లోపల గీతలు ఒకదానిమీదొకటి పడి ఉండవచ్చు. మందం, వెడల్పు మార్చుకోగల వేరియబుల్ ఫాంట్లలో అలా కావాలనే వదిలేస్తారు. కాబట్టి ఫాంట్ ఏదైనా ఈ వరస తప్పించకండి:

1. అక్షరాల మధ్య ఎడం, సైజు, స్పెల్లింగ్ ముందే ఖాయం చేసుకోండి. ఆ తర్వాత ఇది టెక్స్ట్ కాదు, బొమ్మ. అచ్చుతప్పు దొరికితే మొదటికొస్తారు.
2. కంట్రోల్ + డి తో నకలు తీసి, అసలు టెక్స్ట్‌ను వేరే లేయర్‌లోకి పంపి దాచండి.
3. నకలు మీద ఆబ్జెక్ట్ టు పాత్ (షిఫ్ట్ + కంట్రోల్ + సి). ఇప్పుడది పాత్‌ల గ్రూప్ అవుతుంది.
4. అన్‌గ్రూప్ చేసి, అన్నీ సెలెక్ట్‌లో ఉండగానే యూనియన్ కొట్టండి.
5. కంట్రోల్ + 5 (నంబర్ ప్యాడ్‌లోని 5) తో గీతలు మాత్రమే చూపించే అవుట్‌లైన్ వ్యూకి వెళ్లి, జూమ్ చేసి ప్రతి తలకట్టు, ప్రతి ఒత్తు దగ్గరా చూడండి. అక్షరం పొట్టలో ఎక్కడా గీత కనిపించకూడదు.

యూనియన్ ఒక్క పాత్ మీద కూడా పనిచేస్తుంది. ఒకే అక్షరం తనమీద తనే పడి ఉంటే దాన్నొక్కదాన్నే సెలెక్ట్ చేసి కంట్రోల్ + ప్లస్ కొడితే లోపలి గీతలు పోతాయి.

ఐదో మెట్టులో ఇంకొకటి బయటపడుతుంది. స్క్రీన్ మీద అంటుకున్నట్టున్న ఒత్తుకీ అక్షరానికీ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. యూనియన్ దాన్ని పూడ్చదు. ఒత్తును 0.2 మి.మీ. పైకి జరిపి, నిజంగా అక్షరం మీద పడనిచ్చి మళ్లీ యూనియన్ చేయాలి. లేదా విడిగా ఉండాల్సిందే అనుకుంటే సందు కనీసం 1 మి.మీ. అయ్యేలా కిందికి జరపండి. మధ్యస్థంగా వదిలేస్తే ఆ సన్నటి పట్టీ కత్తికి చిరిగిపోతుంది.

బ్రేక్ అపార్ట్ చేయగానే సున్నలు, ఠలు నల్లగా నిండిపోయాయి. ఖాళీలు ఎలా వెనక్కి తేవాలి?

బ్రేక్ అపార్ట్ (కంట్రోల్ + షిఫ్ట్ + కె) పాత్‌లోని ప్రతి ముక్కనూ విడి ఆబ్జెక్ట్ చేసేస్తుంది. సున్నలో బయటి వృత్తం ఒకటి, లోపలి ఖాళీ వృత్తం ఒకటి. విడిపోయాక లోపలిది కూడా నల్ల బిళ్లే అవుతుంది. ఏదీ పోలేదు, ఖాళీ మీద మూత పడిందంతే.

ఒకటి రెండు అక్షరాలైతే బయటి ముక్క, లోపలి ముక్క కలిపి సెలెక్ట్ చేసి కంబైన్ చేస్తే చాలు. కంబైన్ చేసినా నిండుగానే ఉంటే డిఫరెన్స్ చేయండి, ఖాళీ ముక్క పైన ఉండాలి. పేరంతా నిండిపోతే కంట్రోల్ + జడ్ కొట్టి, పాత్ మెనూలో స్ప్లిట్ పాత్ వాడండి. అది ఖాళీలను వాటి అక్షరాలతోనే ఉంచి, ఒకదానికొకటి తగలని ముక్కలను మాత్రమే విడదీస్తుంది. యూనియన్ చేసిన పేరును మళ్లీ అక్షరాలుగా విడగొట్టడానికి ఇదే సరైనది. ఇది పాత వెర్షన్లలో లేదు, ఆ రోజుల్లో చేత్తో కంబైన్ చేసుకోవడమే గతి.

ఫిల్ రూల్ అంటే ఏమిటి? కొన్నిసార్లు ఖాళీ వస్తుంది, కొన్నిసార్లు రాదు.

ఠ అక్షరం తీసుకోండి. తలకట్టు పక్కన పెడితే మూడు గీతలు: బయటి వృత్తం, లోపలి వృత్తం, నడుమ చుక్క. మూడూ ఒకే పాత్‌లో ఉన్నాయి. ఏ జాగాకు రంగు వేయాలో సాఫ్ట్‌వేర్ రెండు రకాలుగా తేల్చగలదు.

మొదటిది ఈవెన్ ఆడ్, అంటే సరి బేసి లెక్క. ఒక చోటునుంచి బయటికి ఒక గీత లాగి ఎన్ని గీతలు దాటిందో లెక్కపెడుతుంది. చుక్క మధ్యనుంచి 3 దాటాలి, బేసి, కాబట్టి రంగు. చుక్క చుట్టూ ఉన్న ఖాళీ నుంచి 2, సరి, కాబట్టి ఖాళీ. బయటి పట్టీనుంచి 1, రంగు. ఠ సరిగ్గా వచ్చింది.

రెండోది నాన్ జీరో. ఇక్కడ గీత ఏ దిక్కుకు తిరిగిందన్నది కూడా లెక్కే. గడియారం ముల్లు తిరిగే వైపు గీతకు ప్లస్ 1, ఎదురు తిరిగిన గీతకు మైనస్ 1. బయటి వృత్తం ప్లస్, లోపలిది మైనస్, చుక్క ప్లస్ అయితే పట్టీ 1, ఖాళీ 0, చుక్క 1. సున్నా వచ్చిన చోటే ఖాళీ. ఇదీ సరిగ్గానే వచ్చింది. కానీ మూడు వృత్తాలూ మీరే గీసి కంబైన్ చేస్తే మూడూ ఒకే దిక్కున తిరిగి ఉంటాయి. అప్పుడు ఖాళీ ఉండాల్సిన చోట 2, చుక్క దగ్గర 3 వస్తాయి. ఎక్కడా సున్నా లేదు, ఠ కాస్తా నల్ల బిళ్ల.

మరి ఎప్పుడూ సరి బేసి పెట్టుకుంటే పోదా? తలకట్టు దగ్గర అది దెబ్బకొడుతుంది. తలకట్టు, ఒళ్లు ఒకే పాత్‌లో ఉండి ఒకదానిమీదొకటి పడితే అక్కడ 2 వస్తుంది, సరి సంఖ్య, అంటే తెల్లటి చిల్లు. తెలుగు అక్షరాలు కంబైన్ చేయగానే అతుకుల దగ్గర తెల్ల మచ్చలు రావడానికి కారణం ఇదే. ఫాంట్లు నాన్ జీరో లెక్కతో నడిచేదీ ఇందుకే: ఒకదానిమీదొకటి పడినా చిల్లు పడదు, ఎదురు దిక్కున గీసిన ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

మార్చాలంటే ఫిల్ అండ్ స్ట్రోక్ (కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్) తెరవండి. ఫిల్ ట్యాబ్‌లో కుడివైపు చివర రెండు చిన్న బొమ్మలుంటాయి, ఒకటి చిల్లుతో, ఇంకోటి నిండుగా. అవే ఈ రెండు రూల్స్. దిక్కు తిప్పాలంటే లోపలి వృత్తాన్ని విడదీసి, పాత్ మెనూలో రివర్స్ చేసి, మళ్లీ కంబైన్ చేయండి. పాత్ మొత్తాన్ని రివర్స్ చేస్తే అన్నీ తిరుగుతాయి, ప్రయోజనం ఉండదు.

యూనియన్ కూడా ఈ రూల్‌ను చూసే లెక్కకడుతుంది. కాబట్టి యూనియన్ తర్వాత అతుకు దగ్గర నిజంగా చిల్లు పడితే వెనక్కి వెళ్లి, నిండుగా ఉన్న బొమ్మ నొక్కి, అప్పుడు యూనియన్ చేయండి.

స్టెన్సిల్ కోయిస్తే ఠ, సున్న నడుమ ముక్క ఊడి పడిపోతోంది.

స్టెన్సిల్‌లో అక్షరం అంటే రంధ్రం. ఠలో రాలిపోయేది చుక్క కాదు, చుక్క చుట్టూ ఉన్న జాగా. దానికి బయటి షీట్‌తో సంబంధం లేదు గనక బిళ్లలా ఊడిపోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి వంతెనలు కావాలి.

200 × 100 మి.మీ. షీట్, 60 మి.మీ. ఎత్తు అక్షరం అనుకుందాం. అక్షరాన్ని పాత్ చేసి యూనియన్ చేయండి. 3 మి.మీ. వెడల్పు దీర్ఘచతురస్రాలు రెండు గీసి, ఒకటి ఎడమ పట్టీకి, ఒకటి కుడి పట్టీకి అడ్డంగా పెట్టండి. ఒక్కొక్కటి పట్టీని రెండు వైపులా దాటి కాస్త బయటికి రావాలి, లోపల చుక్కను మాత్రం తాకకూడదు. పొడవుగా ఒకే పట్టీ వేస్తే చుక్క కూడా రెండుగా చీలుతుంది, అప్పుడు అది ఠలా చదవబడదు. రెండు దీర్ఘచతురస్రాలనూ యూనియన్ చేసి, అక్షరం పైన ఉంచి, డిఫరెన్స్. ఇప్పుడు అక్షరం అటూ ఇటూ తెగి ఉంటుంది. చివరగా 200 × 100 దీర్ఘచతురస్రాన్ని ఎండ్ కీతో కిందికి పంపి, అక్షరంతో కలిపి సెలెక్ట్ చేసి మళ్లీ డిఫరెన్స్. తెగిన చోట్లే వంతెనలు.

పలచటి ప్లాస్టిక్ షీట్‌కు 3 మి.మీ. కన్నా సన్నం చేస్తే రెండు మూడుసార్లు రంగు వేసి తుడిచేసరికి చిరుగుతుంది. వంతెనలు పైనా కిందా కాకుండా పక్కల వేయమన్నది తలకట్టు కోసం. పైన తలకట్టు అతుక్కునే చోట వంతెన పడితే అక్షరం గుర్తుపట్టడం కష్టమవుతుంది.

గీతలతో గీసిన ముగ్గు యూనియన్ చేస్తే వింతగా మారుతోంది, కొన్ని గీతలు మాయమవుతున్నాయి.

ఈ ఆదేశాలకు గీత మందం కనిపించదు, గీత చుట్టుముట్టిన జాగానే కనిపిస్తుంది. మొదలు చివర కలవని గీత అయితే ఆ రెండు కొసలనూ నేరుగా కలిపి లోపలి భాగాన్ని ఆకారంగా తీసుకుంటుంది. తిన్నని గీతకు లోపల జాగా ఏముంది? అందుకే మాయం.

ముందు మందం, మూలల గుండ్రం ఖాయం చేసుకుని స్ట్రోక్ టు పాత్ (కంట్రోల్ + ఆల్ట్ + సి) చేయండి. 2 మి.మీ. గీత ఇప్పుడు 2 మి.మీ. వెడల్పు ఆకారం. ఫిల్ (లోపలి రంగు), స్ట్రోక్ (అంచు గీత) రెండూ ఉన్న ఆబ్జెక్ట్ అయితే రెండు ముక్కల గ్రూప్ వస్తుంది, విప్పి అక్కర్లేనిది తీసేయండి. ఆ తర్వాత యూనియన్.

పేరు చుట్టూ తెల్ల అంచు తీయడానికీ ఇదే దారి. యూనియన్ చేసిన పేరుకు నకలు తీసి, దానికి 6 మి.మీ. స్ట్రోక్, గుండ్రటి మూలలు పెట్టండి. సగం లోపలికి, సగం బయటికి పోతుంది కాబట్టి అంచు 3 మి.మీ. వస్తుంది. స్ట్రోక్ టు పాత్, అన్‌గ్రూప్, యూనియన్, ఆపైన బ్రేక్ అపార్ట్ చేసి లోపలి చిన్న చిల్లుల ముక్కలు తీసేసి కిందికి పంపండి. బ్రేక్ అపార్ట్ ఖాళీలను పూడ్చేయడం కోరి తెచ్చుకునే సందర్భం ఇదొక్కటే.

ఒక ఆకారాన్ని వంకర గీత వెంట రెండుగా కోయాలి.

బెజియర్ పెన్‌తో గీత గీయండి. రెండు కొసలూ ఆకారం అంచు దాటి కనీసం 2, 3 మి.మీ. బయటికి రావాలి. గీత పైన, ఆకారం కింద ఉంచి, రెండూ సెలెక్ట్ చేసి డివిజన్ కొట్టండి. గీత పోయి రెండు ముక్కలు వస్తాయి, రెండింటికీ కింది ఆకారపు రంగే. కొస లోపలే ఆగిపోతే ముక్క తెగదు.

కట్ పాత్‌తో చేస్తే రంగు పోయి తెగిన గీతలే మిగులుతాయి. వృత్తంలో కొంత చాపం మాత్రమే కావాల్సినప్పుడు తప్ప దాని అవసరం రాదు.

వృత్తంలో చారలు పెట్టి ఇంటర్‌సెక్షన్ నొక్కితే ఏమీ మిగల్లేదు.

పది చారలు, ఒక వృత్తం కలిపి పదకొండూ సెలెక్ట్ చేశారు. పదకొండింటికీ ఉమ్మడిగా ఉన్న జాగా ఏదీ లేదు కదా, అందుకే ఖాళీ. ముందు చారలు మాత్రమే సెలెక్ట్ చేసి కంట్రోల్ + కె తో కంబైన్ చేయండి. ఒకదాన్నొకటి తాకవు కాబట్టి ఇక్కడ కంబైన్‌తో ఇబ్బంది లేదు. తర్వాత ఆ ఒక్కటి, వృత్తం కలిపి ఇంటర్‌సెక్షన్.

షేప్ బిల్డర్ వస్తే ఇవన్నీ ఎందుకు?

2023లో వచ్చిన 1.3 వెర్షన్‌తో షేప్ బిల్డర్ టూల్ చేరింది. ఆకారాలు సెలెక్ట్ చేసి ఎక్స్ కీ నొక్కితే అవి దాటుకున్న ప్రతి గదీ విడిగా కనిపిస్తుంది. ఉంచుకోవాల్సిన గదిని క్లిక్ చేయండి, కలపాల్సిన గదుల మీదుగా మౌస్ లాగండి, వద్దనుకున్నవి షిఫ్ట్ పట్టుకుని తీసేయండి. ఎంటర్ కొడితే ఖాయం, ఎస్కేప్ కొడితే రద్దు. మూడు నాలుగు వృత్తాలతో లోగో కట్టేటప్పుడు దీనికి సాటి లేదు. వందల నోడ్లున్న (గీత ఆకారాన్ని నిర్ణయించే బిందువులు) తెలుగు అక్షరాల మీద మాత్రం చిన్న చిన్న గదులు కంటికి కనిపించకుండా దాక్కుంటాయి. అక్కడ యూనియన్, డిఫరెన్సే నమ్మకం.

కోరల్ అలవాటుతో కీలు నొక్కితే అక్షరాల మూలలు కరిగిపోయినట్టు అయ్యాయి.

కంట్రోల్ + ఎల్ నొక్కి ఉంటారు. కోరల్‌లో అది కంబైన్, ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై. అంటే నోడ్లు తగ్గించి గీతను తనకు తోచినట్టు మళ్లీ గీస్తుంది. వెంటవెంటనే నొక్కితే ప్రతిసారీ ఇంకా గట్టిగా కరిగిస్తుంది. కంట్రోల్ + కె కూడా తలకిందులే: కోరల్‌లో విడదీస్తుంది, ఇక్కడ కలుపుతుంది. రెండింట్లోనూ పని చేసేవాళ్లు ఎడిట్ మెనూలోని ప్రిఫరెన్సెస్‌లో షార్ట్‌కట్‌లు మార్చుకోవడం మేలు.

కోరల్‌లో, ఇలస్ట్రేటర్‌లో ఇవే పనులు ఎలా?

కోరల్‌లో యూనియన్ పేరు వెల్డ్, డిఫరెన్స్ పేరు ట్రిమ్. అక్కడ ఏది పైన ఉందన్నదాని కన్నా ఏది చివర సెలెక్ట్ చేశారన్నది ముఖ్యం. షిఫ్ట్‌తో ఒక్కొక్కటీ సెలెక్ట్ చేస్తే చివరిది టార్గెట్, దాని రంగే మిగులుతుంది, ట్రిమ్‌లో కోతకు గురయ్యేదీ అదే. మౌస్‌తో చుట్టూ లాగి సెలెక్ట్ చేస్తే అన్నింటికన్నా కిందిది టార్గెట్. అసలు ఆకారాలు పోకుండా ఉంచే టిక్‌లు షేపింగ్ డాకర్‌లో ఉంటాయి. తెలుగు టెక్స్ట్‌ను కంట్రోల్ + క్యూ తో కర్వ్స్ చేశాక అతుకుల దగ్గర తెల్ల మచ్చలు కనిపిస్తే కంట్రోల్ + కె తో విడదీసి, ఒంటి ముక్కలు, తలకట్టు ముక్కలు వెల్డ్ చేసి, ఖాళీ ముక్కలను చివర్లో కంట్రోల్ + ఎల్ తో కలపండి.

ఇలస్ట్రేటర్‌లో పాత్‌ఫైండర్ ప్యానెల్ (షిఫ్ట్ + కంట్రోల్ + ఎఫ్ 9). యునైట్ చేస్తే పై ఆకారపు రంగు మిగులుతుంది. ఇంక్‌స్కేప్‌లో కింది ఆకారానిది మిగులుతుంది. లోగో రంగు మారిపోయిందని కంగారు పడేముందు ఇది గుర్తుచేసుకోండి. పై వరస బటన్లను ఆల్ట్ పట్టుకుని నొక్కితే అసలు ఆకారాలు చెరగవు, తర్వాత జరుపుకోవచ్చు, చివర్లో ఎక్స్‌పాండ్ చేయాలి. డివైడ్ ఫలితం గ్రూప్‌గా వస్తుంది, విప్పడం మరచిపోకండి.

డివిజన్ చేసిన ముక్కల మధ్య సన్నటి తెల్ల గీత కనిపిస్తోంది.

జూమ్ పెంచండి. ఎంత జూమ్ చేసినా గీత అంతే సన్నంగా ఉంటే అది నిజమైన సందు కాదు. అంచుల్ని నునుపుగా చూపించడానికి స్క్రీన్ చేసే లెక్కలో రెండు సగం రంగులు కలిసి పూర్తి రంగు కాలేకపోయాయి. కత్తికి, లేజర్‌కు దాంతో పని లేదు. పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం అది బొమ్మలోకి వస్తుంది. అప్పుడు ముక్కల కింద అదే రంగు పూర్తి ఆకారం ఒకటి పరచండి. జూమ్‌తో పాటు సందు కూడా పెరుగుతుంటే అది నిజమైన సందే, ముక్కలు జరిపి స్నాప్‌తో (అంచులను ఒకదానికొకటి అతికించే సదుపాయం) కలపండి.

లేజర్ వాళ్లకు ఇంకో చిక్కు. పక్కపక్క ముక్కలకు ఉమ్మడి అంచు ఉంటుంది, రెండు ముక్కల్లోనూ ఆ గీత ఉంటుంది. యంత్రం దాని మీద రెండుసార్లు వెళ్లి అంచు నల్లగా కాలుస్తుంది. పజిల్ లాంటివి కోసేటప్పుడు డివిజన్ చేయకుండా బయటి చట్రం ఒకటి, లోపలి కోత గీతలు విడిగా పంపండి.

యూనియన్ తర్వాత నోడ్లు విపరీతంగా పెరిగాయి, ప్లాటర్ కొన్ని చోట్ల ఆగి ఆగి కోస్తోంది.

ట్రేస్ చేసిన బొమ్మలతో ఎక్కువ. కంటికి కనిపించని 0.1 మి.మీ. ముక్కలు కూడా పాత్‌లో చేరి ఉంటాయి, కత్తి ప్రతిదాని దగ్గరా దిగి లేస్తుంది. స్ప్లిట్ పాత్ చేసి, అవుట్‌లైన్ వ్యూలో ఆ తునకలు వెతికి తీసేయండి. ట్యాబ్ కీ కొడుతూ పోతే ఒక్కొక్క ఆబ్జెక్టే సెలెక్ట్ అవుతుంది, పైన వెడల్పు పెట్టెలో 0.3 మి.మీ. కన్నా తక్కువ చూపిస్తే డిలీట్. సింప్లిఫై ఒక్కసారి మాత్రమే, అదీ నకలు మీద. అసలుతో పోల్చి చూడండి. మూలలు మారితే దాన్ని వదిలేసి, నోడ్ టూల్‌తో అక్కర్లేని నోడ్లను చేత్తోనే తీయండి.

తర్వాత మార్చుకునే వీలుండాలి. యూనియన్ చేయకుండా పని జరుగుతుందా?

పాత్ ఎఫెక్ట్స్‌లో బూలియన్ ఆపరేషన్ అని ఒకటుంది. ఒక ఆకారానికి అది తగిలించి, ఇంకో ఆకారాన్ని కాపీ చేసి అందులో లింక్ చేస్తే రెండూ విడిగానే ఉండి ఫలితం మాత్రం కలిసి కనిపిస్తుంది. ఏదో ఒకటి జరిపితే ఫలితం వెంటనే మారుతుంది. ఫైల్ బయటికి ఇచ్చేముందు ఆబ్జెక్ట్ టు పాత్ చేసి స్థిరం చేయాలి. టెక్స్ట్‌కు మాత్రం ఇది చుట్టుతిరుగుడు వ్యవహారం. పేర్లు, బోర్డులకు అసలు టెక్స్ట్‌ను దాచిన లేయర్‌లో ఉంచుకుని, లేయర్ పేరులోనే ఫాంట్ పేరు, సైజు రాసుకోవడమే తేలిక. ఆర్నెల్ల తర్వాత పార్టీ వచ్చి ఫోన్ నంబర్ మారిందంటే ఆ లేయర్ తెరిస్తే చాలు.